వంటయింటి కొళాయి



నేటి నా ప్రసంగ విషయమును విని మీలో కొందఱు నవ్వుకొనవచ్చును. ముప్పదినాలుగు సంవత్సరములు పిల్లలకు శబ్దమంజరియు, బాలవ్యాకరణమును, భారత భాగవతములలోని పద్యములును చెప్పి, ఇప్పుడు విశ్రాంతి వేతనము పుచ్చుకొనుచున్న పంతులను రేడియోలో మాటాడుమన్నప్పుడు ఏ పురాణకథనో చెప్పవలసినది పోయి, వంటయింటి కొళాయి కారుటను గుఱించి చెప్పుటయా యని. నాకును మొదట అట్లే తోచినది. అయినను పురాణములు చెప్పుటకు నాకంటె సమర్థులు పెక్కురు కలరు. కొళాయి విషయమున నేను చేసిన తప్పు మాత్రము నేనే చెప్పవలసియున్నది.

మాది కనిగిరి ప్రాంతము. అచ్చటి నీటిసంగతి వినియుందురు. భూగర్భజలమున ఫ్లోరైడు అను పదార్థము మితిమీఱి యుండుటచే పండ్లు గారపట్టి రంగుమాఱుట, కీళ్లు బిఱుసెక్కుట, నడుములు వంగిపోవుట మా పూర్వులు తమ ప్రారబ్ధమనుకొనిరి. 1937లో వైద్యులు కొందఱు నాటి మదరాసు రాజధానిలోని నెల్లూరు జిల్లా పల్లెలలో ఈ వ్యాధిని పరిశీలించి, దీనికి మూలము త్రాగునీరే యని వెల్లడించిరి. మా కనిగిరిసీమ ఆనాడు ఆ జిల్లాలోనిదే. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడినప్పుడు అందు చేరినది. నీటిని కాచి త్రాగిన చాలదా యని అడుగుదురేమో. క్రిములు చచ్చును గాని ఫ్లోరైడు పోదు. కాచినకొలది నీరు ఆవిరియై తగ్గును గనుక, మిగిలినదానిలో దాని పాలు హెచ్చును గూడ.

నా ఇల్లాలు ఆ సీమలో పుట్టి పెరిగినదే. ఆమె చిన్నతనమున ఊరి ఆడుపిల్లలందఱు క్రోసెడు దూరమున నున్న ఒక మంచినీళ్ల బావికి తెల్లవాఱకముందే పోయి, వంతు వచ్చువఱకు కూర్చుండి, ఒక్కొక్క బిందె మోసికొని వచ్చెడివారు. ఆమె తల్లిగారు నలువది యేండ్లు దాటునప్పటికే నిటారుగా నిలువలేకపోయిరి. ఈ మాటను మీరు జ్ఞాపకముంచుకొనవలయును.

2019వ సంవత్సరము ఆగస్టు 15వ తేదీన కేంద్రప్రభుత్వము జల్ జీవన్ మిషన్ అను పథకమును ప్రకటించినది. ప్రతి గ్రామీణ గృహమునకు కొళాయి నిచ్చి, మనిషి యొక్కింటికి దినమునకు 55 లీటర్ల మంచినీరు అందింపవలయునని దాని సంకల్పము. దాని తరువాతనే మా వీథికి గొట్టములు వచ్చినవి. ప్రొద్దున కొంతసేపు వచ్చు నీటిని మిద్దెమీది తొట్టిలో నిలువచేసికొని, వంటయింట సింకుపైన నొక ఇత్తడి కొళాయి పెట్టించుకొంటిమి. దానికి మా ఇంటివారు మొదటినాడు పసుపు కుంకుమలు పెట్టిరి. నేను పరిహసించితిని. ఆ పరిహాసమునకు పిమ్మట సిగ్గుపడితిని.

కొన్నియేండ్లు అది చక్కగా పనిచేసినది. తరువాత నొకనాడు, కట్టివేసిన పిదపకూడ బొట్టుబొట్టుగా కారుట మొదలిడినది. నేను చేసిన మొదటి చికిత్స, లోకమున అందఱు చేయునదే: ఇంకను గట్టిగా బిగించితిని. రెండు దినములు నిలిచినది. మరల కారినది. ఉత్తరీయపు చెఱగు చుట్టి, రెండుచేతులతో త్రిప్పితిని. ఈమాఱు ఒక్కదినమే నిలిచినది. పట్నమునుండి పనివాడొకడు వచ్చి చూచి, కొళాయి మొత్తము మార్చవలయునని చెప్పి, రేపు వచ్చెదనని పోయెను. ఆ రేపు నాలుగునెలలైనను రాలేదు. అతనిని తప్పుపట్టను, వాని కంతకంటె పెద్దపనులుండును. తప్పు నాది. పుస్తకము పట్టిన చేయి పానా పట్టుట తక్కువపని యని నా చిన్ననాట ఇంట వినియుంటిని. ఆ మాట తప్పని నోటితో ఎన్నిమాఱులో పిల్లలకు చెప్పితినే గాని, నా చేతులకు మాత్రము తెలియలేదు.

కొన్నాళ్లకు కొళాయి చప్పుడు వినబడుట మానినది. తనంతట తానే సర్దుకొన్నదని సంతోషించితిని. యంత్రము తనంతట తాను బాగుపడునని నమ్మిన నా తెలివికి మీరు నవ్వవచ్చును.

మొన్నటి మాఘమాసమున నొకరాత్రి మెలకువ వచ్చినది. ప్రక్కన ఆమె లేదు. వంటయింట దీపము వెలుగుచున్నది. పోయి చూచితిని. కొళాయి మూతికి పాతపంచె పీలిక యొకటి కట్టియున్నది. దాని కొన క్రింది గిన్నెలోనికి వ్రేలాడుచున్నది. బొట్టు ఆ పీలిక వెంట చప్పుడు లేక జాఱి గిన్నెలో చేరుచున్నది. ఆమె నిండిన గిన్నెను రెండుచేతుల నెత్తి, మోకాలినొప్పిచే గోడకు భుజమానించి నిలిచి, ఆ నీటిని ప్రక్కనున్న గంగాళములో పోయుచున్నది. గడియారమున రెండుగంటల ఇరువది నిమిషములైనది.

“ఏమిది?” అంటిని.

“మంచినీళ్లండీ. తూములో పోతుంటే వింటూ పడుకోలేను” అన్నది. తరువాత కొంచెమాగి, “మీకు నిద్ర చెడుతుందని గుడ్డ కట్టాను” అన్నది.

ఎన్నాళ్లనుండి యని అడిగితిని. పనివాడు వచ్చిపోయిన నాటినుండియట.

నాకు నిద్రపట్టలేదు. తెల్లవాఱిన పిమ్మట, పంతులబుద్ధి పోదు గదా, అరలీటరు చెంబును కొళాయి క్రింద పెట్టి గడియారము చూచితిని. ముప్పదిరెండు నిమిషములలో నిండినది. అనగా దినమునకు నలువదియైదు చెంబులు, ఇరువదిరెండున్నర లీటర్లు. ఒకమనిషికి దినమునకు నియమించిన 55 లీటర్లలో అయిదింట రెండుపాళ్లకు పైన. నెలకు లెక్కించిన 675 లీటర్లు. పదునైదు లీటర్ల బిందెలు నలువదియైదు. పెద్దబిందె కొళాయి క్రింద పట్టదు గనుక ఆమె పెట్టినది అయిదులీటర్ల గిన్నె. అది నిండుటకు అయిదుగంటల ఇరువది నిమిషములు పట్టును. రాత్రి తొమ్మిదింటికి పెట్టిన గిన్నె రెండుగంటల ఇరువది నిమిషములకు నిండును. నీటిబొట్టును గుఱించిన సుభాషితమును నేను ఎన్ని తరగతులకు వల్లెవేయించితినో లెక్కలేదు. దాని తాత్పర్యమును మా వంటయింట నొకరు ప్రతిరాత్రియు మేల్కొని మోయుచుండగా నేను గుఱ్ఱుపెట్టి నిద్రించితిని.

ఆ ఉదయముననే బస్సెక్కి పట్నమునకు పోతిని. అచ్చట ఇనుపసామానుల దుకాణము నడుపువాడు నా శిష్యుడే. సంధిసూత్రములు ఎన్నడును వానికి పట్టుబడలేదు. కొళాయి వాషరు కావలయునంటిని. “మాస్టారూ, పాతది తెచ్చారా?” అని అడిగెను. తేలేదు. “ఎంత సైజో తెలియకుండా ఎలా ఇవ్వను?” అని, కుర్చీ వేసి కూర్చుండబెట్టి, ఒక పాతకొళాయిని నా యెదుట విప్పి చూపెను. గంటసేపు నేను విద్యార్థిని, అతడు గురువు. నా తరగతిలో వానిని బల్లపై నిలువబెట్టిన దినములు జ్ఞాపకము వచ్చినవి. వానికిని వచ్చియుండును, గాని అనలేదు.

వాని వలన నేర్చినదియు, ఇంట చేయి కాల్చుకొని నేర్చినదియు ఇప్పుడు మీకు మనవిచేసెదను. పెక్కుచుట్లు త్రిప్పి తెఱచు కొళాయి లోపల జరుగునది ఇది. నీరు వచ్చు త్రోవలో ఒక గుండ్రని రంధ్రముండును. దాని అంచును పీఠమందుము. పైనుండి ఒక మరచుట్ల కడ్డీ దిగును. దాని కొనను పుట్టగొడుగు ఆకారమున ఒక చిన్న ఇత్తడి బిళ్ల, ఆ బిళ్ల క్రింద ఒక రబ్బరు చక్రము ఉండును. ఆ చక్రమే వాషరు. మనము పిడి త్రిప్పినప్పుడు కడ్డీ దిగి, వాషరు పీఠముమీద కూర్చుండి రంధ్రమును మూయును. అంతే. ఈ ఉపాయమునకు 1845లో ఇంగ్లండునందలి రాథర్‌హామ్ పట్టణమున ఎడ్వర్డు క్రైమ్స్ అనునతడు పేటెంటు పొందెను. గంధకముతో కాచి రబ్బరును గట్టిపఱచు విధానమును అమెరికాలో చార్లెస్ గుడ్‌ఇయర్ 1839లో కనుగొనినాడు. అంతకుముందును, ఆ పిమ్మట చాలకాలమును, తోలు వాషరులే వాడుకలో నుండెను. తోలు నీటిలో నానిన కొలది మెత్తబడి చక్కగా అతుకును. మన కపిలబానలకు తోలు తొండములు కుట్టినవారికి ఈ సంగతి ఎవరును చెప్పనక్కఱలేదు. వీథిలోని బోరింగు పంపు గొట్టమున నుండు గిన్నెవంటి వాషరులును మొదట తోలువే.

ఇక కారుటకు కారణము. పీఠపు అంచు ఇత్తడిది, వాషరు రబ్బరుది. దినమునకు పదిమాఱులు ఒత్తిన, కొన్నియేండ్లకు రబ్బరుమీద వలయాకారమున గాడి పడును. గాడినుండి నీరు జాఱును. అప్పుడు మనమేమి చేయుదుము? ఇంకను గట్టిగా బిగింతుము. గాడి ఇంకను లోతగును. నేను ఉత్తరీయము చుట్టి రెండుచేతులతో చేసినపని, పుండును గోకుటవంటిది. అంతటితో పోదు. సన్నని సందుగుండ ఒత్తిడితో పాఱు నీరు కాలక్రమమున ఇత్తడి పీఠమునే కోసివేయును. వాషరు అయిదురూపాయలు, పీఠము చెడిన కొళాయియే మార్చవలయును.

మొదట కారుచున్నది ఎచ్చటనుండియో చూడుడు. మూతినుండి బొట్లు పడిన దోషము వాషరుది, లేదా పీఠముది. కొళాయి తెఱచినప్పుడు పిడి మొదట నుండి నీరు చిమ్మిన దోషము వాషరుది కాదు. కడ్డీచుట్టు కూరిన కూరుడుది. దానిని గ్లాండు అందురు. అచ్చటి చిన్ననట్టును పావుచుట్టు బిగించిన చాలవఱకు నిలుచును. నిలువకున్న నట్టు విప్పి, టెఫ్లాన్ టేపునుగాని, గ్రీజు రాసిన నూలుపోగునుగాని నాలుగుచుట్లు చుట్టి మరల బిగింపవలయును. గోడయొద్ద అతుకునుండి కారిన, మొత్తము కొళాయి విప్పి మరలకు టేపు చుట్టవలసియుండును. పూర్వము జనుపనారకు సఫేదా పూసి బిగించెడివారు. సీసము కలిసిన సఫేదా విషము. త్రాగునీటి గొట్టమునకు దానిని వాడరాదు.

మాది మూతి కారుటయే. పనికి కావలసినవి దవడలు జరుపుకొను పానా ఒకటి, స్క్రూడ్రైవరు ఒకటి, గుడ్డపీలికలు, టార్చిలైటు. మొదట తొట్టినుండి దిగు గొట్టముమీది గేటువాల్వు కట్టవలయును. ఇచ్చటనే నాకు చిక్కువచ్చినది. పెట్టించిన నాటినుండి దానిని ఎవరును తాకలేదు; బిగుసుకొనిపోయినది. బలము చూపక, కడ్డీమీద కొబ్బరినూనె చుక్కలు వేసి, కొంచెము అటు, కొంచెము ఇటు కదల్పగా ఒక గడియకు కదలినది. మీయిండ్లలో ఆ వాల్వును నెలకొకమాఱు త్రిప్పి విడుచుచుండుడు. వాల్వు కట్టిన పిదప వంటయింటి కొళాయి పూర్తిగా తెఱచి, గొట్టమున నిలిచిన నీరు పోవువఱకు ఆగవలయును. నీరింకను వచ్చుచున్న వాల్వు సరిగా మూతపడలేదని అర్థము. అట్టి స్థితిలో విప్పరాదు. విప్పితిరా, వంటయిల్లు చెఱువగును. సింకు రంధ్రమున గుడ్డ కూరుడు. స్క్రూలు చిన్నవి, తూములో పడినచో మరల పట్నము బస్సే గతి.

పిడినెత్తిన చిన్న మూత యుండును. దానిని గోటితో లేపిన స్క్రూ కనబడును. స్క్రూ తీసి పిడి నూడబెఱకుడు. రాకున్న వేడినీళ్లలో ముంచిన గుడ్డ కొంతసేపు చుట్టి ఉంచుడు. పిడి క్రింద ఆఱుపలకల నట్టు కనబడును. నునుపు చెడకుండ దానికి గుడ్డ చుట్టి, ఒకచేత కొళాయి మొండెమును కదలకుండ పట్టుకొని, రెండవచేత పానా త్రిప్పవలయును. మొండెమును పట్టుకొననిచో గోడలోని గొట్టము మెలిపడును. ఎటు త్రిప్పవలయునో నాకు మొదట సందేహము కలిగినది. ప్రదక్షిణముగా త్రిప్పిన బిగియును. అప్రదక్షిణముగా త్రిప్పిన వదలును. గుడికి పోవువారెవరును దీనిని మఱవరు.

నట్టు వదలగా పైభాగమంతయు చేతికి వచ్చినది. బిళ్ల క్రింద మా వాషరు కనబడినది. నల్లని రబ్బరునందు నేను బిగించిన బిగింపంతయు గాడియై యున్నది. ఒకప్రక్క అది తెగి చిన్నచీలికయైనది. పాతవాషరును పొట్లము కట్టుకొని మరల పట్నము పోతిని. శిష్యుడు దానిని కొత్తవాని ప్రక్కన పెట్టి, వ్యాసమును మందమును సరిచూచి, రెండు ఇచ్చెను. ఒకటి ఇప్పటికి, ఒకటి ఇంట నుంచుకొనుటకు. మందము హెచ్చైన వాషరు వేసిన కొళాయి పూర్తిగా తెఱచుకొనదు. వెడల్పు తక్కువైనది పీఠమును కప్పదు. కావున పాతది వెంట తీసికొనిపోక దుకాణమునకు పోకుడు.

కొత్తది వేయుటకుముందు పీఠమును చూడవలయును. టార్చి వెలుగున వ్రేలుపెట్టి అంచును తడవితిని. గరుకుగా తోచినది. నాలుగునెలల ఆలస్యమునకు పీఠము పోయినదని గుండె జల్లుమన్నది. నిమ్మరసము పిండిన గుడ్డను ఒత్తి కొంతసేపుంచి తుడువగా, తెల్లని సున్నపుపెచ్చు లేచివచ్చినది. క్రింద ఇత్తడి నున్నగానే యున్నది. మా నీటిలో సున్నము హెచ్చు; వేడిచేసిన గిన్నెల అడుగున పట్టునది అదియే. పీఠమున నిజముగా గాటుండిన, దానిని అరగదీయు పనిముట్టు పనివారియొద్ద నుండును. మనము ఆకురాయితో యత్నింపరాదు.

తక్కినది విప్పిన క్రమమునకు విలోమముగా కూర్చుటయే. కూర్చునప్పుడు కడ్డీని పైకి త్రిప్పియుంచవలయును. లేకున్న నట్టు బిగించునప్పుడే కొత్తవాషరు పీఠమున నలిగిపోవును. గేటువాల్వు మెల్లగా తెఱచుడు. కొళాయి మొదట కొంతసేపు వదలిన గొట్టములోని ఇసుక, తుప్పు పోవును. పిదప రెండువ్రేళ్లతో కట్టుడు. రెండువ్రేళ్లకు నిలువనిది రెండుచేతులకును నిలువదు.

పావుచుట్టుతో తెఱచుకొను కొత్తరకపు కొళాయిలు ఇప్పుడు హెచ్చుగా వచ్చినవి. వానిలో వాషరుండదు, రెండు నున్నని పింగాణి బిళ్లలు ఒకదానిమీద నొకటి జరుగును. అవి కారిన లోపలి కార్ట్రిజ్ మొత్తమును తీసి, దానిని చూపి, అట్టిదే తెచ్చి వేయవలయును. ఆ బిళ్లలకు ఇసుక శత్రువు.

నాకు ఈ పనికి బస్సు ప్రయాణములు గాక గంటన్నర పట్టినది. చేయితిరిగినవానికి పావుగంట. ఒక వ్రేలు చెక్కుకొనిపోయినది. మా ఇంటివారు ప్రక్కన నిలిచి టార్చి పట్టిరి. నాకంటె ముందే ఏ మర ఎచ్చట కూర్చుండునో వారికి తెలిసినది. పైభాగమును నేను వంకరగా ఎక్కించుచుండగా, “అడ్డమరపడుతుంది, వెనక్కి తిప్పి మళ్లీ ఎక్కించండి” అని చెప్పినది వారే. ఎట్లు తెలిసినదని అడిగితిని. పచ్చడి సీసా మూతలు మూయువారికి తెలియదా యనిరి. ఈపని నాలుగునెలల క్రిందటనే తాము చేసియుండవచ్చును, పానా నా పెట్టెలో తాళమువేసి యున్నదట.

ఆ రాత్రి ఆమె అలవాటు చొప్పున కొళాయి క్రింద గిన్నె పెట్టినది. వలదనలేదు. రెండుగంటల ఇరువది నిమిషములకు ఆమె లేచుట నాకు తెలిసినది. దీపము వెలిగినది. కొంతసేపటికి ఆఱినది. వచ్చి పండుకొని, “అడుగు తడవలేదు” అన్నది.

మఱునాడు ప్రొద్దున గంగాళములోని నీటిని తులసికోటకును, కరివేపచెట్టునకును పోసి, దానిని బోర్లించి అటకమీద పెట్టించినది. పానాను నా పెట్టెలో మరల పెట్టనీయలేదు. అది ఇప్పుడు వంటయింట మేకునకు వ్రేలాడుచున్నది. పెరటికొళాయి పిడిమొదట నుండి నీరు చిమ్ముచున్నదట. అది గ్లాండు దోషము. నేను ఈ ప్రసంగము ముగించి ఇంటికి పోవునప్పటికి అదియు బాగైయుండునని తలచుచున్నాను.